అక్క చేసిన వంకర వత్తులు

దేవుడి వత్తులను చీపురు పుల్లతో కొలిచిన మనిషిని నేనే. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ తలుచుకుంటే నవ్వు ఆగడం లేదు. పొడుగైందని ఒకటి, పొట్టిదైందని ఇంకొకటి, ఇలా ఏడు పుల్లలు విరిచి పారేసి ఎనిమిదో పుల్లను ఖాయం చేశాను. నా చూపుడువేలి రెండు కణుపులంత ఉండేది. వత్తి దానికంటే గోరంచు పెరిగినా పనికిరాదు, తగ్గినా పనికిరాదు. నడుమ లావెక్కితే పనికిరాదు. కొస మెలి వదులైతే అసలే పనికిరాదు. పనికిరానివన్నీ పాత బిస్కెట్ డబ్బాలోకి పోయేవి. విభూతి అద్దుకున్న వేళ్ళతో చేసినవి కాబట్టి చెత్తలో వేయడానికి భయం. డబ్బా నిండితే మంచం కిందికి నెట్టి కొత్త డబ్బా తీసేదాన్ని. డబ్బాలు నిండుతూనే ఉండేవి, మంచి వత్తుల బుట్ట మాత్రం అడుగు దాటేది కాదు.

మాది శంషాబాద్. మా ఆయన కారు నడుపుతారు, ఎయిర్‌పోర్టు కిరాయిలే ఎక్కువ. ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ నన్నూ నా పుల్లనూ చాలాసేపు చూశారు.

"ఏమే, ఎయిర్‌పోర్ట్ల గూడ గింత చెకింగ్ ఉండదు. పాపం గా వత్తులు ఏం తప్పు జేసినయని లోపలికి ఇడుస్తలేవు?"

"దేవుని పని జేస్తున్న, నవ్వకు."

"నేనేడ నవ్విన? డబ్బాల పడ్డోళ్ళ తరఫున అడుగుతున్న."

ఈ వత్తుల గొడవంతా మా అక్క చెయ్యితో మొదలైంది. అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్దది, మాకు దగ్గర్లోని మంఖాల్‌లో ఉంటుంది. చిన్నప్పుడు నాకు ఆయాసం. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందేది కాదు, అందుకని నన్ను బడికి పంపలేదు. అక్కే బడి నుంచి వచ్చి, అరుగు మీద నన్ను కూర్చోబెట్టుకుని, బొగ్గుముక్కతో బండల మీద అక్షరాలు దిద్దించేది. నేను చదివిన బడి అదొక్కటే, ఆ పంతులమ్మే నాకున్న ఒక్క పంతులమ్మ. ఈరోజు నేను స్తోత్రాల పుస్తకం చూసి చదువుకుంటున్నానంటే, ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే, ఆ బొగ్గుముక్క పుణ్యమే. రోజూ దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆ అరుగుకు కూడా ఒక దండం పెట్టుకుంటాను.

కిందటేడాది ఎండాకాలంలో ఒక పొద్దున అక్క బిందె ఎత్తబోతే కుడిచెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకు పోయింది. బావ పరేషాన్ అయి ఫోన్ చేస్తే, మా ఆయన ఎయిర్‌పోర్టు దారిలో నుంచే కారు తిప్పుకుని పోయి దవాఖానలో చేర్చారు. సమయానికి తెచ్చారని డాక్టర్లు అన్నారు. మాట తిరిగొచ్చింది, మూతి చాలావరకు సర్దుకుంది. చెయ్యి మాత్రం ఇంకెవరిదో తెచ్చి తగిలించినట్టు వేలాడుతూ ఉండేది. దవాఖాన వసారాలో ఇనుప కుర్చీ మీద కూర్చుని నేను మొక్కుకున్నాను. స్వామీ, ఈ చెయ్యి లేస్తే వచ్చే ఏడాది కార్తీకంలో కాశీకి వచ్చి నీ ముందర లక్ష వత్తులు వెలిగిస్తాను.

లేచింది! మొదట చెంచా పట్టింది. తర్వాత తల దువ్వుకుంది. చలికాలం వచ్చేసరికి ఒకరోజు నా వీపు మీద దోమ వాలిందని ఆ చేత్తోనే ఫట్‌మని ఒక్కటిచ్చింది. నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. గట్టిగా తగిలిందేమోనని అక్క కంగారుపడింది. "ఇంకోటి కొట్టక్కా" అన్నాను.

మొక్కు సంగతి చెబితే అక్క ఊరుకోలేదు.

"మొక్కిన నోరు నీది, లేసిన చెయ్యి నాది. సగం నేను జేస్త."

అలా చెరి యాభై వేలు పంచుకున్నాం. పత్తి అక్కావాళ్ళ చేనులోదే. శివరాత్రి నాడు మొదలుపెట్టాం. అక్క వారానికొకసారి తను చేసినవి నూరేసి కట్టలుగా దారం చుట్టి కవరులో పెట్టేది. ఆ వైపు కిరాయి తగిలినప్పుడు మా ఆయన తెచ్చేవారు. నేను ఆ కవర్లు విప్పకుండానే దేవుడి గూటి కింద పేర్చేదాన్ని. రోజూ అక్క ఫోను.

"ఎన్నయినయే?"

"అయితున్నయి అక్కా."

అయితే కదా! రోజుకు మూడు వందలు చేసేదాన్ని, అందులో అరవై మిగిల్చేదాన్ని. శ్రావణం వచ్చేసరికి అక్కవి ముప్పై వేలు దాటాయి, నావి పది వేల దగ్గర మూలుగుతున్నాయి. చెయ్యి పడిపోయి లేచిన మనిషి ముప్పై వేలు చేస్తే, రెండు చేతులూ బాగున్న నేను పది వేలు! సిగ్గేసింది. సిగ్గేసిన మనిషి ఏం చేయాలి? కొలబద్దను పక్కన పెట్టాలి. నేనేం చేశానంటే, అక్క అంత తొందరగా ఎలా చేస్తోందో చూద్దామని ఒక కవరు విప్పాను.

విప్పకపోతే బాగుండేది. ఒక వత్తి ముల్లంగిలా ఉంది. ఒకటి వానపాములా మెలికలు తిరిగింది. ఒకటి ముసలాయన చేతికర్రలా కొసన వంగింది. ఒకదానికి పత్తిగింజ కూడా ఉంది, గర్భిణిలాగా! గుండె దడదడ కొట్టుకుంది. వీటినా నేను విశ్వనాథుడి ముందుకు తీసుకుపోయేది? ఒక్కటి విప్పి సరిచేద్దామనుకున్నాను, ఒక్కటే. విప్పి, దూది సాపు చేసి, మళ్ళీ పీట మీద దొర్లించాను. పుల్లకు సరిగ్గా సరిపోయింది. ఆ హాయి ఏం చెప్పను! వెంటనే పక్కన ఉన్న ముల్లంగి నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

నెల తిరిగేసరికి అక్క కట్టల్లో అరవై విప్పేశాను. అంటే ఆరు వేల వత్తులు. మళ్ళీ చేసినవాటిలో పుల్ల పరీక్షకు నిలిచినవి వెయ్యి కూడా లేవు. నడుం పడిపోయేలా పనిచేసి, చేసిన పనిని తగ్గించుకుంటూ పోయే మనిషి శంషాబాద్ మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. మా ఇంటి మీదుగా విమానం పోయిన ప్రతిసారీ, కార్తీకం ఇంకొంచెం దగ్గరికొచ్చిందని దిగులు.

అన్నం చల్లారిపోయేది, మరిచిపోయేదాన్ని. పడుకుంటే కలలో కూడా ఏరడమే. అన్నిటికంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. సాయంత్రం దీపం పెట్టి దండం పెట్టుకుంటూ కళ్ళు తెరిస్తే నాకు దేవుడు కనబడేవాడు కాదు, ప్రమిదలో వత్తి కొంచెం ఎడమకు ఒరిగిందా అన్నది కనబడేది. ఒకసారి వెలిగిన దీపాన్ని ఆర్పి, వత్తి సర్ది మళ్ళీ వెలిగించాను. దేవుడు ఏమనుకున్నాడో తెలియదు, ఆయనకు ఓపిక ఎక్కువ.

ఓపికలో ఆయన తర్వాత మా పక్కింటి ఆపా. పెద్దావిడ. మా ఇంట్లో పత్తి రాశి చూసి, గింజలు తీసే పని తనంతట తానే తీసుకుంది. మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చి కూర్చుని, గింజలు తీస్తూ లోకంలోని కబుర్లన్నీ చెప్పేది. ఒకరోజు ఆమె నవ్వితే కొలిచి పెట్టిన నాలుగు వత్తులు పీట మీద నుంచి ఎగిరిపోయాయి.

"ఆపా, జర ఊపిరి అటు దిక్కు ఇడువు" అన్నాను. నిజంగానే అన్నాను!

ఆపా ఒక్క క్షణం నన్ను చూసింది. మర్నాడు మూతికి మాస్కు కట్టుకుని, చేతులకు గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని వచ్చి కూర్చుంది.

"గిదేంది ఆపా?"

"ఆపరేషన్ థియేటర్ల గిట్లనే రావాలె గద బహెన్. చెప్పులు గూడ బయటనే ఇడిసిన. పేషెంట్ ఎట్లున్నది?"

అప్పుడైనా నవ్వాలి కదా? నేను నవ్వలేదు. ఆమె తొడుగులకు తడి ఉందేమో, పత్తికి అంటుతుందేమోనని చూశాను. నాకు జబ్బు చేసిందని అప్పుడే తెలియాల్సింది. తెలియలేదు. బొటనవేలు చెప్పాల్సొచ్చింది. భాద్రపదంలో ఒక పొద్దున వత్తి కొస మెలి తిప్పుతుంటే కుడి బొటనవేలు టక్కుమని ముడుచుకుని మళ్ళీ తెరుచుకోలేదు.

డాక్టరమ్మ వేలిని అటూ ఇటూ కదిపి చూసింది. ఆమెది కోస్తా వైపు మాట.

"ఏం పని చేస్తుంటారమ్మా?"

"వత్తులు చేస్తాను."

"రోజుకు ఎన్ని చేస్తారు?"

"మూడు వందలు చేస్తాను. అరవై ఉంచుతాను."

"మిగతావి?"

"బాగుండవు."

"ఎవరన్నారండీ, బాగుండవని?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను శ్రద్ధగా చూస్తున్నారు.

"నాకే తెలుస్తుంది కదమ్మా."

"నిద్ర పడుతోందా? ఆకలి వేస్తోందా? ఊరికే గుండె దడ వస్తోందా?" మూడింటికీ నేను చెప్పిన జవాబులు విని ఆమె కలం కింద పెట్టింది. వేలికి పట్టీ బిగించి, "ఈ వేలికి మూడు వారాలు సెలవు. 'బాగుండవు' అనే ఆ మాటకు కూడా అన్ని రోజులూ సెలవు ఇవ్వండి. వేలికంటే దానికే ఎక్కువ అవసరం" అంది.

ఇంటికొచ్చి బుద్ధిగా కూర్చున్నాను. కుడిచేత్తో వత్తి ముట్టలేదు. అయితే విప్పడానికి కుడి బొటనవేలు అక్కర్లేదని మధ్యాహ్నానికల్లా కనిపెట్టాను. ఎడమచేత్తో అక్క కట్టలు విప్పడం మొదలుపెట్టాను.

వారం తిరగకముందే అక్క వచ్చింది. చెప్పకుండా వచ్చింది, నా వేలి సంగతి మా ఆయన చెప్పారట. చేతిలో సర్వపిండి డబ్బా. నేను వంటింట్లో ఉన్నాను. ముందు గదిలో ఆపా మాస్కు కట్టుకుని గింజలు తీస్తోంది.

"ఏమైందమ్మా, జరమా? మాస్కు ఎందుకు?" అక్క గొంతు వినబడింది.

"నాకేం కాలే. మీ చెల్లెకే అయింది దిమాగ్‌కు. ఊపిరి తగిలితె వత్తులు పాడైతయంట. ఇగ మీరు జేసినయైతె అన్ని ఇప్పి మల్ల జేస్తుంది పిచ్చిది. చూడుండ్రి ఎంత కుప్పనో!"

ఆపా ఇందులో దాచాల్సింది ఏమీ లేదనుకుంది. అక్కకు చెప్పే చేస్తున్నాననుకుంది. అంత మంచి మనిషికి నా దొంగతనం ఎలా తెలుస్తుంది?

నేను బయటికొచ్చేసరికి అక్క కుప్ప ముందు కూర్చుని ఉంది. విప్పేసిన దూది, పక్కనే తను చుట్టిన ఎర్రదారాలు. ఒక దారం తీసి చూసింది.

"గివి నా కట్టలేనా?"

"అక్కా, జర వంకరగ ఉంటె..."

"ఎన్ని ఇప్పినవు?"

అక్క దారాలు లెక్కపెట్టింది. కుడిచేత్తోనే లెక్కపెట్టింది, ఒక్కొక్కటి తీయడానికి ఆ వేళ్ళు పడే ప్రయాస నాకు ఎదురుగా కనబడుతూ ఉంది. అరవై తొమ్మిది.

"వేళ్ళు పని జేస్తలేవనుకున్నప్పుడు, పగలంత గడపల కూసోని ఒక్కొక్కటి జేసిన. మొదటి దినం పదకొండు అయినయి. పదకొండయినయని మీ బావకు చెప్పుకుంట చెప్పుకుంట నవ్విన." చెయ్యి చాపి నా ముందు పెట్టింది. వేళ్ళు పూర్తిగా సాగవు, చివర కొంచెం ముడుచుకునే ఉంటాయి. "గిది గూడ వంకరనే ఉన్నది చెల్లె. దేవుడు గిట్లనే లేపిండు. నువ్వు దీన్ని గూడ ఇప్పి మల్ల జేస్తవా?"

ఆపా మాస్కు కిందికి లాగేసుకుంది. సర్వపిండి డబ్బా అక్కడే పెట్టి అక్క లేచింది.

"నువ్వు పో కాశీకి. సక్కటియి దీస్కపో. నావి నేను మా ఇంట్ల ముట్టిచ్చుకుంట."

మిగిలిన కవర్లన్నీ సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది. కాశీకి మా ఇద్దరికీ విమానం టికెట్లు మా ఆయన అప్పటికే కొని పెట్టారు. ఇద్దరమూ ఎప్పుడూ విమానం ఎక్కినవాళ్ళం కాదు. రోజూ నెత్తి మీద చూసేదాన్ని ఈసారి లోపలి నుంచి చూస్తామని అక్క ఊరంతా చెప్పుకుంది.

ఫోను చేస్తే ఎత్తలేదు. ఉత్తరం రాద్దామనుకున్నాను. "అక్కకు నమస్కారములు" అని రాశాను. బొటనవేలికి పట్టీ ఉంది కదా, అక్షరాలు గోడ మీద బల్లి పాకినట్టున్నాయి. చింపేశాను. ఇంకొకటి రాశాను. 'నమస్కారములు'లో సున్న పెద్దదైంది. చింపేశాను. అలా ఏడు కాగితాలు చింపాక, ఎనిమిదో కాగితం మీద పెన్ను పెట్టబోతూ ఆగిపోయాను. చుట్టూ చూస్తే కాగితపు ఉండలు, వాటి పక్కన దూది కుప్ప. రెండూ ఒకేలా ఉన్నాయి. మా అక్కతో ఒక్క మాట చెప్పాలంటే కూడా నేను ముందు దాన్ని కొలుస్తున్నాను! ఏం చెప్పాలో తెలుసు, చెప్పడం లేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో గుర్తులేదు. పెన్ను వదిలేసి, కట్టుకున్న చీరతోనే బయలుదేరాను. కుచ్చిళ్ళు సరిచేసుకోలేదు. దాన్ని కూడా రాసుకోవాలి, ఎందుకంటే అంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

మంఖాల్‌లో అక్క ఎండలో గడప దగ్గర కూర్చుని వత్తులు చేస్తోంది. తలెత్తలేదు.

"వచ్చినవా? పుల్ల తెచ్చినవా?"

"తేలేదు."

"మరెట్ల కొలుస్తవు? నా ముక్కుతోనా?"

"అక్కా, నీ చెయ్యి లేసిందని మొక్కిన. గా చెయ్యి జేసినయే ఇప్పిన. తప్పయింది."

అక్క కొంత దూది నా ఒళ్ళోకి విసిరింది. "కూసో. ఎడమచేత్తో జెయ్యి."

చేశాను. అది వత్తి కాదు, కోడిపిల్ల తోక. అక్క దాన్ని వెలుగుకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "పనికిరాదు" అని పారేసింది. ఇంకొకటి చేశాను. "పనికిరాదు." ఇంకొకటి. "నడుమ లావున్నది. పనికిరాదు." నాలుగోది నిజంగా కష్టపడి చేశాను, నాలుక బయటపెట్టి మరీ చేశాను. దాన్ని కూడా పారేసింది. నాకు కోపమొచ్చి కళ్ళు మండాయి.

"ఏడుపొస్తుందా?"

"వస్తుంది."

"నాకు గూడ వచ్చింది."

నేను అయిదోది చేసి అరచేతిలో పెట్టి చాపాను. అక్క చాలాసేపు చూసింది. మూతి వణికింది. ఏడుస్తుందనుకున్నాను.

"గిది ముల్లంగే" అంది.

"నీయి గూడ ముల్లంగులే ఉండె అక్కా."

"ఏమన్నవే?"

"ఒకటైతె కడుపుతోటి ఉండె, పత్తిగింజతోని!"

అక్కకు నవ్వు పొట్టలో నుంచి వచ్చింది. నవ్వితే ఇప్పటికీ మూతి కొంచెం ఒక పక్కకు పోతుంది. దాన్ని చూసి నేను, నన్ను చూసి అక్క, ఊపిరాడక గడప పట్టుకుని నవ్వాం. బావ లోపలి నుంచి పరుగున వచ్చి ఎవరికేమైందని అడిగాడు. ఇద్దరమూ ఒకేసారి "ముల్లంగి" అన్నాం. ఆయన దండం పెట్టి లోపలికి పోయాడు.

కానీ కాశీకి వస్తానని మాత్రం అక్క అనలేదు.

"నీ డబ్బాలల్ల ఉన్నయి గద, పనికిరానియి. అయి దీస్కరా. అయి కలుపుతనంటెనే నేనొస్త."

నా ముల్లంగులను దేవుడి ముందు పెట్టాలి! అక్కవైతే ఒప్పుకున్నాను, నావి ఒప్పుకోవడం ఇంకా కష్టంగా ఉంది. ఇంటికెళ్ళి మంచం కిందికి దూరాను. ఒకటి కాదు రెండు కాదు, పంతొమ్మిది డబ్బాలు. మా ఆయన ఒక్కొక్కటే కారులోకి మోస్తూ, "బెయిల్ దొరికింది మొత్తానికి. పాపం, ఏడు నెలలు లోపలనే ఉన్నరు" అన్నారు.

అక్క ఇంట్లో వాటిని చాప మీద పోసి లెక్కపెడితే నలభై వేలు దాటాయి! మాకు కావాల్సిన వత్తులు అన్ని రోజులూ నా మంచం కిందే పడి ఉన్నాయి, నేను వాటి మీద పడుకుని నిద్రపట్టడం లేదని బాధపడ్డాను. తక్కువైనవి ఇంకో పన్నెండు వేలు. అవి అక్క కుడిచేతా నా ఎడమచేతా నడిచాయి. ఆపా మాస్కు లేకుండా వచ్చి గింజలు తీసింది, మనసారా నవ్వింది, పీట మీద వత్తులు ఎగిరాయి. ఎగిరినవాటిని ఏరుకున్నాం. నిజం చెప్పాలంటే నాకు చేతులు దురదపెట్టిన రోజులు లేకపోలేదు. ఒకసారి అక్క లోపలికి పోగానే ఒక వానపామును విప్పబోయాను. "కనబడుతున్నది" అని వంటింట్లో నుంచే అరిచింది. విప్పలేదు.

కార్తీకం వచ్చింది. వత్తులు రెండు చేతిసంచుల్లో సర్దుకున్నాం. సామాన్లతో పాటు విమానం కడుపులో వేద్దామంటే అక్క ఒప్పుకోలేదు, దేవుడివి ఒళ్ళోనే ఉండాలంది. మా ఆయన రోజూ అందరినీ దింపే చోటే మమ్మల్నీ దింపి, "పైసల్ ఇయ్యకుండ దిగుతున్నరు" అని అక్కను ఆటపట్టించి పోయారు.

లోపల తనిఖీ దగ్గర నా సంచి యంత్రంలో నుంచి ఇటు రాకుండా పక్కకు పోయింది. తెర మీద అంతా మబ్బులా ఉందట. యూనిఫాంలో ఉన్న అమ్మాయి సంచి తెరిచింది.

"యే క్యా హై అమ్మా?"

"దియా కీ బత్తియాఁ" అంది అక్క, దీపం వత్తులని తనకొచ్చిన దక్నీ ఉర్దూలో.

"కిత్నీ హై?"

"ఏక్ లాఖ్."

ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి ఇంకొకామెను పిలిచింది. ఆమె తెలుగామె. సంచి అడుగున అగ్గిపెట్టె దొరికింది. అక్క పెట్టింది, నాకు తెలియదు.

"ఇది పోనీయరు పెద్దమ్మా."

"మరి దీపం ఎట్ల ముట్టియ్యాలె బిడ్డా? కాశీ దాక పోయి దేవుణ్ణి అడుక్కోవాల్నా అగ్గిపెట్టె?"

"అక్కడ దొరుకుతది. ఆయన ఊర్ల అగ్గికి కొరతనా!" అంటూ ఆమె ఒక కట్టను ఎత్తింది. పట్టు తప్పి దారం ఊడింది. పక్క కట్టలు కూడా జారాయి. అవి నా ఎడమచేతి ముడులు, వదులుగానే ఉంటాయి. చూస్తుండగానే వందల వత్తులు బల్ల మీద నుంచి, దొర్లే చక్రాల మీద నుంచి, నేల మీదికి వానలా కురిశాయి.

వెనుక వరుసలోని వాళ్ళంతా వంగారు. కోటు వేసుకున్న పెద్దమనిషి, చెవుల్లో తీగలు పెట్టుకున్న అమ్మాయి, చంటిపిల్లను చంకనేసుకున్న తల్లి, అందరూ ఏరుతున్నారు. ఏరి ఏరి నా దగ్గరికే తెస్తున్నారు. చెప్పులు నడిచిన నేల! ఎవరి చేతులో, ఎవరేం తిని వచ్చారో. కొన్నింటికి దుమ్ము అంటింది, ఒకదానికి పొడుగాటి వెంట్రుక చుట్టుకుంది. అంతా మైల. అక్క ఏరడం లేదు. నిలబడి నా ముఖమే చూస్తోంది.

కోటాయన దోసిలి చాపి నా ఎదుట నిలబడ్డాడు. "ఇవి పనికొస్తాయాండీ? కిందపడ్డాయి కదా" అన్నాడు.

సంచి మూతి రెండు చేతులా తెరిచి పట్టాను. "పనికొస్తయి బాబూ, ఎయ్యి. దేవుడు నిన్ను సల్లగ సూడాలె" అన్నాను. ఆయన వేశాడు. చెవుల్లో తీగల అమ్మాయి వేసింది. చంటిపిల్ల గుప్పిట్లో నుంచి ఒకటి మెల్లగా విడిపించి వేశారు, దానికి కొంచెం చొంగ కూడా ఉంది. ఇక ఆపుకోలేకపోయాను, పకపకా నవ్వేశాను.

తెలుగామె వంగి చూసి, "యంత్రం కింద ఇంకో నాలుగైదు ఉన్నట్టున్నయి అక్కా. చెయ్యి పోతలేదు" అంది.

"ఉండనీ తల్లీ. మాకు విమానానికి టైమ్ అయితున్నది."

"ఉండనీ ఏందే?" అక్క కయ్‌మంది. "అండ్ల నావి ఉంటయి! లచ్చకు తక్కువైతది!" అని ఆ వయసులో, ఆ కొత్త పట్టుచీరతో, మోకాళ్ళ మీద కూర్చుని యంత్రం కిందికి చెయ్యి పెట్టబోయింది.

నేను అక్క జబ్బ పట్టుకుని లేపాను. ఇద్దరం రెండు సంచులూ గుండెలకు అదుముకుని, వత్తులు రాల్చుకుంటూ, నవ్వుకుంటూ, ఏ గేటో తెలియని గేటు వైపు ఉరికాం.